కావలి కాసే సెన్సార్లు: తక్కువ విద్యుత్తుతో చేలో లక్ష్య స్థాన నిర్ధారణ

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు వచ్చిందంటే రైతుకు రాత్రి నిద్ర కరవవుతుంది. వేరుశనగలో ఊడలు దిగి కాయ గట్టిపడే సమయంలోనూ ఇదే పరిస్థితి. ఒక్క రాత్రి అడవిపందుల మంద చేలోకి దిగితే మూడు నెలల శ్రమ తెల్లవారేసరికి నేలపాలవుతుంది. అవి తిన్నదానికన్నా తొక్కి, పెకలించి పాడుచేసేది ఎక్కువ. విసిగిన కొందరు రైతులు చేను చుట్టూ తీగ కట్టి, దానికి నేరుగా కరెంటు కలుపుతున్నారు. ఇది చట్టవిరుద్ధమే కాక ప్రాణాంతకం. ఆ తీగకు పందితోపాటు పశువులూ, ఇతర వన్యప్రాణులూ, చీకట్లో మరచిపోయి కాలు పెట్టిన అదే ఇంటి మనుషులూ బలవుతున్నారు. అందువల్ల చేలోకి జంతువు వచ్చిందా, వస్తే ఏ వైపు నుంచి వచ్చింది, ఇప్పుడు ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలకు సురక్షితమైన, చౌకైన సమాధానం వెదకడం వ్యవసాయ శాస్త్రజ్ఞుల బాధ్యత.

ఈ ప్రశ్నలకు వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్‌లు సమాధానం చెప్పగలవన్న ఆశ నేడు బలంగా ఉంది. విద్యార్థుల ప్రాజెక్టుల్లోనూ, అంకుర సంస్థల ప్రదర్శనల్లోనూ ఇటువంటి పరికరాలు తరచు కనిపిస్తున్నాయి. అయితే ప్రదర్శనశాలలో చక్కగా పనిచేసిన పరికరం పొలంలో వారం తిరగకుండానే మూగబోవడం కూడా అంతే తరచుగా జరుగుతున్నది. చాలా సందర్భాల్లో కారణం ఒక్కటే: బ్యాటరీ అయిపోవడం. లక్ష్యం ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం ఒక సమస్య. దాన్ని పంటకాలం మొత్తం, తక్కువ విద్యుత్తుతో కనిపెడుతూ ఉండటం వేరొక సమస్య. ఈ రెండవ సమస్యను సస్యశాస్త్ర దృక్పథంతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మంచె చెప్పే పాఠం

సెన్సార్ నెట్‌వర్క్ అన్న మాట కొత్తదే గాని, అందులోని ఆలోచన మన పల్లెలకు కొత్త కాదు. పూర్వం చేల మధ్య మంచెలు వేసి కావలి కాసేవారు. ఒక మంచె మీదివాడికి అలికిడి వినిపిస్తే అది ఏ దిక్కున ఉన్నదో తెలుస్తుంది గాని, ఎంత దూరంలో ఉన్నదో తెలియదు. పక్క చేను మంచె మీదివాడు కూడా తనకు వినిపించిన దిక్కు చెబితే, ఆ రెండు దిక్కులు కలిసే చోటే జంతువు ఉన్న చోటు. లక్ష్య స్థాన నిర్ధారణకు మూలసూత్రం ఇదే. ఒకరి సమాచారం చాలదు. వేర్వేరు చోట్ల ఉన్న ఇద్దరు ముగ్గురి సమాచారాన్ని కలపాలి.

శక్తి పొదుపు సూత్రం కూడా ఆ మంచె మీదనే ఉంది. కావలివాళ్ళందరూ రాత్రంతా మేలుకొని ఉండరు. జాముకొకరు వంతులు వేసుకుంటారు. మేలుకొన్నవాడు అలికిడి వినగానే పక్కవాణ్ణి లేపుతాడు. అలికిడి లేనప్పుడు కేకలు వేస్తూ కూర్చోడు. వంతుల నిద్ర, అవసరమైనప్పుడే పిలుపు, పిలుపు అందుకున్నవాడే లేవడం అనే మూడు పద్ధతులను నేటి పరిశోధన పత్రాలు గణిత భాషలో చెబుతున్నాయి. 2000 సంవత్సరంలో ఎంఐటీ పరిశోధకులు వెండీ హైన్జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ ప్రతిపాదించిన 'లీచ్' విధానంలో సెన్సార్ నోడ్‌లు గుంపులుగా ఏర్పడి, గుంపు పెద్దరికాన్ని వంతులవారీగా మోస్తాయి. ఎక్కువ పని ఎప్పుడూ ఒకే నోడ్ మీద పడకుండా చూడటం దాని సారాంశం.

మన ప్రాంతంలో జరిగిన కృషి

పొలంలో వైర్‌లెస్ సెన్సార్ల వినియోగానికి మన ప్రాంతంలో ఇప్పటికే చరిత్ర ఉంది. అనంతపురం జిల్లాను ఆనుకొని ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకా చెన్నకేశవపురంలో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ సంస్థ కలిసి 'కామన్‌సెన్స్ నెట్' పేరిట వర్షాధార వ్యవసాయం కోసం నేల తేమను కొలిచే నెట్‌వర్క్‌ను పరీక్షించాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నాటి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, ఐఐటీ బొంబాయి, జపాన్ పరిశోధకులతో కలిసి వేరుశనగలో తామర పురుగులకూ మొవ్వుకుళ్ళు తెగులుకూ వాతావరణంతో ఉన్న సంబంధాన్ని సెన్సార్ నెట్‌వర్క్ ద్వారా అధ్యయనం చేశారు. చేలో నమోదైన ఉష్ణోగ్రత, తేమ వివరాలను పురుగుల లెక్కింపుతో జోడించి ముందస్తు సూచనలకు ప్రయత్నించారు.

ఈ అధ్యయనాల్లో సెన్సార్ నోడ్ ఎక్కడ ఉన్నదో ముందే తెలుసు. అక్కడి పరిస్థితి ఏమిటన్నదే ప్రశ్న. నేల తేమ పరుగెత్తదు. గంటకొకసారి కొలిచి పంపితే చాలు, మిగిలిన సమయమంతా నోడ్ నిద్రపోవచ్చు. లక్ష్య స్థాన నిర్ధారణలో ప్రశ్న తలకిందులవుతుంది. ఎప్పుడు వస్తుందో, ఎటు కదులుతుందో తెలియని వస్తువును పట్టుకోవాలి. గంటకొకసారి చూస్తే మంద వచ్చి, మేసి, వెళ్ళిపోతుంది. ఎల్లవేళలా చూస్తే బ్యాటరీ మిగలదు. ఈ వైరుధ్యాన్ని ఎలా పరిష్కరించాలన్నదే ఈ రంగంలోని అసలు చర్చ.

విద్యుత్తు ఎక్కడ ఖర్చవుతుంది?

సెన్సార్ నోడ్‌లో నాలుగు భాగాలు ఉంటాయి: గ్రహించే సెన్సార్, లెక్క చేసే చిన్న ప్రాసెసర్, సమాచారం పంపి అందుకునే రేడియో, బ్యాటరీ. విద్యార్థులు సాధారణంగా సమాచారం పంపడానికే ఎక్కువ విద్యుత్తు కావాలని భావిస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. సెన్సార్ నోడ్‌లలో విరివిగా వాడిన సీసీ 2420 అనే రేడియో చిప్‌ను చూడండి. పూర్తి బలంతో పంపేటప్పుడు అది 17.4 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. వినేటప్పుడు తీసుకునేది 18.8 మిల్లీ ఆంపియర్లు. అంటే మాట్లాడటం కంటే చెవి ఒగ్గి కూర్చోవడానికే ఎక్కువ ఖర్చు. ఎవరూ పిలవకపోయినా ఈ ఖర్చు ఆగదు.

ఒక సులభమైన లెక్క వేద్దాం. నోడ్‌లో 2500 మిల్లీ ఆంపియర్-గంటల సామర్థ్యం గల బ్యాటరీ ఉన్నదనుకుందాం. రేడియో నిరంతరం వింటూ 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే 125 గంటల్లో, అంటే అయిదు రోజులు దాటగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. అదే రేడియోను సెకనుకొకసారి పది మిల్లీసెకన్లు మాత్రమే మేల్కొలిపితే, మేలుకొని ఉండే సమయం నూటికి ఒక వంతు. సగటు వాడకం 0.2 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. నిద్రలో వాడే 0.02 మిల్లీ ఆంపియర్లు కలుపుకొన్నా ఆ బ్యాటరీ సుమారు 11,000 గంటలు, అంటే 15 నెలలు రావాలి. ఎండ వేడి, బ్యాటరీ దానంతట అదే తరగడం వంటి కారణాల వల్ల వాస్తవంలో ఇంత రాకపోవచ్చు. అందులో సగం వచ్చినా ఒక పంటకాలానికి సరిపోతుంది. బ్యాటరీని మార్చకుండానే అయిదు రోజుల పరికరం పంటకాలం పరికరంగా మారింది. మార్చినదల్లా దాని నిద్రవేళలు.

నిద్రపోతున్న నోడ్‌ను పిలవడం ఎలా? పిలిచే నోడ్ తన సందేశానికి ముందు సెకను పాటు ఎడతెగని సంకేతం పంపుతుంది. ఆ సెకనులో వినే నోడ్ ఏదో ఒక క్షణాన మేల్కొని సంకేతాన్ని అందుకుంటుంది. ఇందువల్ల పిలిచేవాడి ఖర్చు పెరుగుతుంది. కాని చేలో పందులు వచ్చే సందర్భాలు తక్కువ. ఎదురుచూసే గంటలు ఎక్కువ. అరుదైన పనిని ఖరీదుగా, నిత్యం చేసే పనిని చౌకగా ఉంచడం ఇక్కడి కిటుకు.

దూరం, అంచెలు: ఒక ముఖ్యమైన లెక్క

సమాచారాన్ని నేరుగా దూరానికి పంపాలా, పక్క నోడ్‌ల ద్వారా అంచెలంచెలుగా పంపాలా అన్నది మరొక ప్రశ్న. 'లీచ్' రచయితలు వాడిన సరళమైన నమూనా ప్రకారం, ఒక బిట్ పంపడానికి గాని అందుకోవడానికి గాని రేడియో సర్క్యూట్‌కు 50 నానోజౌళ్ళ శక్తి కావాలి. పంపేటప్పుడు దీనికి అదనంగా దూరం వర్గాన్ని 0.1తో గుణించగా వచ్చినన్ని నానోజౌళ్ళు కావాలి. ఈ నమూనాతో 100 మీటర్ల దూరానికి ఒక బిట్ పంపడాన్ని లెక్కిద్దాం.

నేరుగా పంపితే 50, దానికి 1000 కలిపి మొత్తం 1050 నానోజౌళ్ళు. 25 మీటర్ల చొప్పున నాలుగు అంచెల్లో పంపితే ఒక్కొక్క అంచెకు 112.5 చొప్పున 450, మధ్యలోని మూడు నోడ్‌లు అందుకున్నందుకు 150, మొత్తం 600. పొదుపు స్పష్టంగా ఉంది. అలాగని పది మీటర్ల చొప్పున పది అంచెలు పెడితే? పంపడానికి ఒక్కొక్కటి 60 చొప్పున 600, మధ్యలోని తొమ్మిది నోడ్‌లు అందుకున్నందుకు 450, మొత్తం మళ్ళీ 1050. పది అంచెలు పెట్టినా, ఒక్క అంచె కూడా పెట్టకపోయినా ఖర్చు ఒక్కటే. గట్టున ఇంటి విద్యుత్తుతో నడిచే ప్రధాన కేంద్రం అందుకునే ఖర్చును ఈ లెక్కలో కలపలేదు. నోడ్‌లు దగ్గరదగ్గరగా, ఎక్కువగా ఉంటే అంత మంచిదన్న భావన సరికాదని ఈ లెక్క చెబుతున్నది. మొక్కల సాంద్రత విషయంలో లాగే ఇక్కడా అనువైన మోతాదు ఒకటి ఉంటుంది.

పంట పెరిగితే కొలత మారుతుంది

దూరాన్ని కొలవడానికి చౌకైన పద్ధతి అందిన రేడియో సంకేతం బలాన్ని చూడటం. సంకేతం బలంగా ఉంటే దగ్గర, బలహీనంగా ఉంటే దూరం. దీనికి వేరే పరికరం అక్కరలేదు. అయితే ఈ పద్ధతి బహిరంగ ప్రదేశంలో ఒకలాగా, పంటలో మరొకలాగా పనిచేస్తుంది.

కొన్నేళ్ళ క్రితం మల్కాజ్‌గిరిలోని మా ఇంటి డాబా మీద, విద్యార్థులు తయారుచేసిన రెండు నోడ్‌లను ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టి చూశాం. దూరం అంచనా చక్కగా వచ్చింది. వారు సంతోషించి అదే సూత్రంతో మొక్కజొన్న మడిలో పెట్టారు. పంట మోకాలి ఎత్తున ఉన్నంత కాలం ఫరవాలేదనిపించింది. జల్లు తొడిగే దశకు వచ్చేసరికి అంచనాలు పూర్తిగా తప్పాయి. వాన కురిసిన మర్నాడు మరీ తప్పాయి. విద్యార్థులు ప్రోగ్రామ్‌లో దోషం వెదికారు. దోషం ప్రోగ్రామ్‌లో లేదు, ఆకుల్లో ఉంది.

కారణం ఇదీ. దూరం పెరిగేకొద్దీ సంకేతం ఎంత వేగంగా తగ్గుతుందో తెలిపే ఘాతాంకం ఖాళీ ప్రదేశంలో 2. దట్టమైన పైరులో అది 3కు, కొన్నిచోట్ల అంతకు మించి పెరుగుతుంది. మీటరు దూరంలో ఉన్నదానికంటే సంకేతం 30 డెసిబెళ్ళు తగ్గిందనుకుందాం. ఘాతాంకం 2 అయితే దూరం సుమారు 32 మీటర్లు. ఘాతాంకం 3 అయితే దూరం 10 మీటర్లు మాత్రమే. పరికరం చూపే అంకె ఒక్కటే. దాని అర్థం పైరు ఎత్తునూ, ఆకుల విస్తీర్ణాన్నీ, ఆకుల మీది తడినీ బట్టి మూడింతలు మారింది.

ఇక్కడే సస్యశాస్త్రజ్ఞుని అవసరం ఉంది. పత్ర విస్తీర్ణ సూచిక ఏ దశలో ఎంత ఉంటుందో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుకు తెలియదు, మనకు తెలుసు. విత్తిన నాటి కొలమానాన్ని పూత దశలో వాడరాదని చెప్పవలసినది మనమే. రెండు జాగ్రత్తలు కూడా సూచించవచ్చు. మొదటిది, యాంటెన్నాను పైరు పైమట్టానికి ఎగువన ఉండేలా కర్రకు కట్టడం. రెండవది, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు బదులు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగల 865–868 మెగాహెర్ట్జ్ పరిధిని ఎంచుకోవడం. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఆకుల గుండా మెరుగ్గా ప్రయాణిస్తాయి.

మెడలో పట్టీ ఉన్న పశువుకూ, పట్టీ లేని పందికీ తేడా

స్థాన నిర్ధారణలో రెండు రకాలున్నాయి. మేతకు వెళ్ళిన గేదె మెడకు రేడియో పట్టీ కట్టవచ్చు. అప్పుడు లక్ష్యమే సంకేతం పంపుతుంది. అడవిపంది మెడకు పట్టీ కట్టలేం. అది పంపే సంకేతం ఏదీ లేదు. దాని శరీరపు వేడి, అడుగుల అదురు, గురకల శబ్దం మాత్రమే ఆధారం. అందువల్ల సంకేత బలంతో దూరం కొలిచే పద్ధతి పశువులకు పనికివచ్చినా పందులకు నేరుగా పనికిరాదు. ఈ తేడాను గమనించకుండా ఒకదానికోసం రాసిన పద్ధతిని మరొకదానికి వాడటం విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచు కనిపించే పొరపాటు.

వేడిని గ్రహించే పరారుణ సెన్సార్ చాలా తక్కువ విద్యుత్తుతో ఎల్లప్పుడూ మేలుకొని ఉండగలదు. రేడియో మాత్రం నిద్రలో ఉంటుంది. కదిలే వేడి వస్తువు కనబడగానే సెన్సార్ రేడియోను లేపుతుంది. అయితే ఈ సెన్సార్ గ్రహించేది పరిసరాలకూ జంతువుకూ ఉన్న ఉష్ణోగ్రత తేడాను. ఎండాకాలపు సాయంత్రం వేడెక్కిన నేల, రాళ్ళు జంతువు శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్నప్పుడు దాని చూపు మందగిస్తుంది.

శబ్దం ఆధారంగా స్థానం కనుగొనే పద్ధతి మరింత కచ్చితమైనది. శబ్దం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒకే శబ్దం వేర్వేరు నోడ్‌లకు చేరిన కాలాల తేడాను బట్టి స్థానం లెక్కించవచ్చు. ఒక మిల్లీసెకను పొరపాటుకు దూరం లెక్కలో వచ్చే తేడా 35 సెంటీమీటర్ల లోపే. కాని ఈ కచ్చితత్వానికి వెల ఉంది. నోడ్‌లన్నిటి గడియారాలూ ఒకే సమయం చూపాలి. పది లక్షల్లో 40 వంతుల తేడాతో నడిచే మామూలు గడియారం 25 సెకన్లలోనే ఒక మిల్లీసెకను తప్పుతుంది. వాటిని మాటిమాటికీ సరిచేయాలంటే మాటిమాటికీ రేడియోను మేల్కొలపాలి. అంటే కచ్చితత్వాన్ని బ్యాటరీతో కొనుక్కుంటున్నామన్న మాట.

ఎంత కచ్చితత్వం కావాలి?

కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న సాంకేతికమైనది కాదు. జంతువు ఉన్న చోటు తెలిశాక రైతు ఏం చేస్తాడు? పంది తూర్పు గట్టున ఉందా, పడమర గట్టున ఉందా అన్నది తెలిస్తే ఆ వైపు దీపం వెలిగించగలడు, శబ్దం చేయించగలడు. దీనికి పది మీటర్ల కచ్చితత్వం చాలు. 35 సెంటీమీటర్ల కచ్చితత్వం వల్ల అతని నిర్ణయం ఏమీ మారదు. బ్యాటరీ మాత్రం ముందుగా అయిపోతుంది. నిర్ణయాన్ని మార్చని కచ్చితత్వం వృథా. ఎరువుల విషయంలో మనం రైతుకు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాటే ఇది.

పది మీటర్ల కచ్చితత్వమైతే లెక్క ఎంతో సులువు. గట్టు వెంట 20 మీటర్లకొక నోడ్ ఉందనుకుందాం. ప్రతి సెన్సార్ ఇరువైపులా పది మీటర్లకు కొద్దిగా మించి చూడగలగాలి. 40వ మీటరు దగ్గర ఉన్న నోడ్ ఒక్కటే స్పందిస్తే జంతువు దాని సమీపంలో ఉంది. 40, 60 మీటర్ల వద్ద ఉన్నవి రెండూ స్పందిస్తే జంతువు వాటి నడుమ, 50వ మీటరు దగ్గర ఉంది. ఇందుకు గడియారాలు అంత కచ్చితంగా కలవనక్కరలేదు, సంకేత బలం కొలవనక్కరలేదు. అయితే ఒకే వరుసలో ఉన్న నోడ్‌లకు జంతువు గట్టుకు లోపల ఉందో, వెలుపల ఉందో తెలియదు. రెండవ వరుసగా లోపలి వైపు కొన్ని నోడ్‌లు అమర్చితే, బయటి వరుస ముందు, లోపలి వరుస తర్వాత స్పందించినప్పుడు అది లోపలికి వస్తున్నదని తెలుస్తుంది.

మేలుకొనే వ్యవధిని కూడా జంతువు వేగమే నిర్ణయిస్తుంది. నడిచే పంది సెకనుకు 1.4 మీటర్లు కదిలితే 20 మీటర్లు దాటడానికి 14 సెకన్లు పడుతుంది. పరుగెత్తే పంది సెకనుకు ఎనిమిది మీటర్లు కదిలితే రెండున్నర సెకన్లు చాలు. అందువల్ల రేడియో సెకనుకొకసారి మేల్కొంటే సరిపోతుంది. సెకనుకు పదిసార్లు మేల్కొనడం అనవసరం, పది సెకన్లకొకసారి మేల్కొనడం చాలదు. స్పందించిన నోడ్ తన ఇరుగుపొరుగు నోడ్‌లను మాత్రమే ముందుగా లేపి ఉంచితే మిగిలిన చేనంతా నిద్రలోనే ఉండవచ్చు.

పంట క్యాలెండరే పొదుపు పట్టిక

పందులు ప్రధానంగా రాత్రిపూట వస్తాయి. పంట కూడా అన్ని దశల్లో వాటిని ఒకేలా ఆకర్షించదు. 110 రోజుల మొక్కజొన్నను తీసుకుందాం. రాత్రీ పగలూ, విత్తిన నాటి నుంచి కోత దాకా నెట్‌వర్క్ నడిస్తే 2640 గంటలు. విత్తనాన్ని పెకలించే తొలి పది రాత్రులు, పాలు పోసుకునే దశ నుంచి కోత దాకా సుమారు 40 రాత్రులు, రాత్రికి 12 గంటల చొప్పున నడిస్తే 600 గంటలు. నాలుగో వంతు కూడా కాదు. ఏ సంక్లిష్టమైన ప్రోగ్రామూ రాయకుండా, పంట దశలు తెలిసిన వ్యక్తి ఒక్క పట్టిక ఇచ్చినందువల్ల కలిగే పొదుపు ఇది. నోడ్‌లోని ప్రాసెసర్‌కు విత్తిన తేదీ, రకం కాలపరిమితి చెబితే ఆ పట్టికను అదే పాటిస్తుంది.

గట్టు ఎవరిది?

నోడ్‌ల సంఖ్యను బట్టి ఖర్చు ఉంటుంది కనుక క్షేత్ర విస్తీర్ణాన్ని కూడా చూడాలి. ఎకరం చదరంగా ఉంటే దాని భుజం సుమారు 63.6 మీటర్లు, చుట్టుకొలత 254 మీటర్లు. 20 మీటర్లకొకటి చొప్పున 13 నోడ్‌లు కావాలి. పదిమంది రైతులు ఎవరి ఎకరానికి వారు పెట్టుకుంటే 130 నోడ్‌లు. ఆ పది ఎకరాలు ఒకే చదరంగా కలిసి ఉండి, చుట్టూ ఒకే కావలి పెడితే చుట్టుకొలత 805 మీటర్లు. 40 నోడ్‌లు చాలు. రైతుకు 13 బదులు నాలుగు. లోపలి వరుసకు మరికొన్ని కలిపినా తేడా చాలా ఎక్కువే. కమతాలు ఇంత చక్కగా చదరంగా ఉండవన్నది నిజమే. అయినా సాంకేతిక పరిజ్ఞానం కన్నా పొరుగు రైతుల మధ్య సహకారమే ఎక్కువ శక్తినీ, డబ్బునూ ఆదా చేస్తుందని ఈ లెక్క చూపుతున్నది. ఈ సహకారాన్ని ఏ ప్రోగ్రామూ రాయలేదు. అది విస్తరణ శాస్త్రవేత్తలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చేయవలసిన పని.

రైలు పట్టాల నుంచి నేర్చుకోదగినది

మల్కాజ్‌గిరి స్టేషన్ మీదుగా రైళ్ళు వెళుతుంటే ప్రతిసారీ నాకు ఒక సారూప్యం గుర్తుకు వస్తుంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనే 2016 ఫిబ్రవరిలో, నేడు 'కవచ్' అని పిలుస్తున్న రైలు రక్షణ వ్యవస్థకు ప్రయాణికుల రైళ్ళపై క్షేత్ర పరీక్షలు మొదలయ్యాయి. రైలు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం ఈ వ్యవస్థకు ప్రాణం. ఇందుకోసం పట్టాల వెంట రేడియో గుర్తింపు ట్యాగులు అమర్చుతారు. ఇంజన్ కింద ఉన్న పరికరం వాటి మీదుగా వెళ్ళేటప్పుడు చదువుతుంది. రెండు ట్యాగుల నడుమ చక్రాల భ్రమణాన్ని బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. పట్టాల మీది ట్యాగుకు బ్యాటరీ అక్కరలేదు; చదివే పరికరం పంపే తరంగాల నుంచే అది శక్తి గ్రహిస్తుంది.

ఈ ఏర్పాటులో మనకు రెండు పాఠాలున్నాయి. విద్యుత్తు సమృద్ధిగా ఉన్న చోట, అంటే ఇంజన్‌లో, ఖర్చు పెట్టాలి. లేని చోట, అంటే పట్టాల మీద, ఖర్చు పెట్టరాదు. పొలంలో ఇంజన్ స్థానం పంపుసెట్టు దగ్గరి కరెంటు గదిది. భారమైన లెక్కలు, నిరంతరం వినడం, ఫోనుకు సందేశం పంపడం ఆ గదిలోని పరికరం చేయాలి. గట్టు మీది నోడ్ అలికిడి చెప్పి నిద్రపోవాలి. ఇక రెండవ పాఠం: రైలు పట్టా దాటి వెళ్ళదు కనుక దాని స్థానం ఒక్క అంకెతో తెలుస్తుంది. పంది ఎటైనా వెళుతుంది. కాని కుసుమ, ఆముదం వంటి పంటలను వరుసలుగా చుట్టూ వేసి, దాని రాకపోకలకు కొన్ని దారులే మిగిలేలా చేస్తే సమస్య తేలికవుతుంది. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయమన్న పాత సిఫారసు సెన్సార్ల కాలంలోనూ విలువ కోల్పోలేదు. సెన్సార్ దానికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

తప్పుడు హెచ్చరికల ప్రమాదం

గాలికి ఊగే ఆకు, దారితప్పిన కుక్క, కట్టు తెంచుకున్న దూడ కూడా సెన్సార్‌ను లేపుతాయి. ప్రతి తప్పుడు హెచ్చరికా బ్యాటరీలో కొంత తీసుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా రైతు నమ్మకంలో కొంత తీసుకుంటుంది. 'నాన్నా పులి' కథ మనకందరికీ తెలిసినదే. నాలుగు రాత్రులు ఉత్తపుణ్యానికి లేచిన రైతు అయిదవ రాత్రి ఫోను కట్టేసి పడుకుంటాడు. అందువల్ల రెండు పొరుగు నోడ్‌లు గాని, ఒకే నోడ్‌లో వేడి, అదురు సెన్సార్లు రెండూ గాని ఏకీభవించినప్పుడే హెచ్చరిక పంపాలి. ఇందువల్ల ఒకటి రెండు సెకన్ల జాప్యం కలిగినా నష్టం లేదు.

స్థానం తెలియడం వల్ల మరొక మేలు ఉంది. రాత్రంతా చేను నలుమూలలా ఒకే శబ్దం మోగిస్తే జంతువులు కొద్ది రోజుల్లోనే దానికి అలవాటు పడతాయి. జంతువు ఉన్న మూలలోనే, అది వచ్చినప్పుడే, వేర్వేరు శబ్దాలు, వెలుతురు వాడితే ఆ అలవాటు ఆలస్యమవుతుంది. అయితే హెచ్చరిక అందుకున్న రైతును చీకట్లో జంతువుకు ఎదురు వెళ్ళమని ప్రోత్సహించరాదు. పిల్లలతో ఉన్న పంది, గాయపడిన పంది చాలా ప్రమాదకరం. చిత్తూరు జిల్లా కౌండిన్య పరిసరాల్లో ఏనుగులు తిరిగే గ్రామాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడ హెచ్చరిక చేను గట్టున కాదు, ఊరికి చాలా ముందుగానే రావాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు అడగవలసిన ప్రశ్నలు

పరికరాన్ని రైతుకు సిఫారసు చేసే ముందు తయారీదారులను ఈ ప్రశ్నలు అడగడం మంచిది.

1. రేడియో నిరంతరం వింటున్నదా, నిద్రవేళలు పాటిస్తున్నదా? సగటున ఎన్ని మిల్లీ ఆంపియర్లు తీసుకుంటున్నది?

2. చూపుతున్న పరిధి ఖాళీ మైదానంలో కొలిచినదా, పూర్తిగా ఎదిగిన పైరులో కొలిచినదా? వాన పడిన తర్వాత కొలిచారా?

3. చెబుతున్న కచ్చితత్వం రైతు తీసుకునే నిర్ణయానికి అవసరమా? తక్కువ కచ్చితత్వంతో ఎక్కువ కాలం పనిచేసే అమరిక ఉందా?

4. పంట దశను బట్టి పని గంటలను మార్చే వీలుందా?

5. ఒక నోడ్ చెడిపోతే మిగిలినవి పనిచేస్తాయా? ఏ నోడ్ మూగబోయిందో రైతుకు తెలుస్తుందా?

6. ఎలుకలు తీగలు కొరకకుండా, చీమలు పెట్టెలో చేరకుండా, వాననీరు దిగకుండా ఏ రక్షణ ఉంది?

అయిదవ ప్రశ్న ప్రత్యేకంగా గమనించదగినది. నిశ్శబ్దంగా ఉన్న నోడ్ 'జంతువు లేదు' అని చెబుతున్నదో, 'నేను లేను' అని చెబుతున్నదో తెలియాలి. రోజుకొకసారి, పగటిపూట, ప్రతి నోడ్ తాను ఉన్నానని ఒక చిన్న సందేశం పంపితే చాలు. దీనికయ్యే విద్యుత్తు అత్యల్పం. ఇది లేకపోతే రైతు తనకు కావలి ఉన్నదన్న ధీమాతో నిద్రపోయిన రాత్రే పంట పోతుంది.

రాజేంద్రనగర్‌లోని విశ్వవిద్యాలయంలో పక్షులు, ఇతర సకశేరుక జీవుల వల్ల కలిగే పంట నష్టంపై అఖిల భారత స్థాయి పరిశోధన చాలా కాలంగా సాగుతున్నది. జంతువుల ప్రవర్తన గురించి అక్కడి శాస్త్రవేత్తలకు ఉన్న జ్ఞానాన్ని, ఇంజనీరింగ్ కళాశాలల్లోని నైపుణ్యాన్ని, పంట దశల గురించి మనకున్న అవగాహనను ఒకచోట చేర్చితే సెన్సార్ నెట్‌వర్క్ నిజంగా పొలానికి చేరుతుంది. స్నాతకోత్తర విద్యార్థులు ఈ అంశాన్ని ఎంచుకున్నప్పుడు నోడ్ ఎంత కచ్చితంగా పనిచేసిందన్నదానితోపాటు, ఎన్ని రాత్రులు పనిచేసింది, ఎన్నిసార్లు అబద్ధం చెప్పింది అన్న రెండు అంకెలను కూడా తప్పక నమోదు చేయాలి. కరెంటు తీగ కట్టాలా, వద్దా అని ఆలోచిస్తున్న రైతుకు మనం చూపించవలసిన అంకెలు అవే.